ఆడా మగా కాని మనిషికి తెలుగు క్రియ

అమ్మలూ,

ఉర్సులా లె గ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' తెలుగు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, వెంటనే గుబులూ పుట్టింది. ఇంగ్లీషులో చిక్కంతా సర్వనామంతోనే. మనకో, వాక్యం చివర క్రియ కూడా ఆడో మగో చెప్పేస్తుంది.

పుస్తకం రెండుసార్లు చదివాకే కలం పట్టు. 'సోమర్' (లింగం లేని దశ), 'కెమ్మర్' (లింగం తేలే దశ) మాటలు అలాగే ఉంచు. కథ జరిగే గెథెన్ గ్రహం మనుషులు 26 నుంచి 28 రోజుల చక్రంలో 21, 22 రోజులు ఏ లింగమూ లేకుండా ఉంటారు. కెమ్మర్‌లో ఎవరు ఆడవుతారో, ఎవరు మగవుతారో ముందు తెలియదు. ఇది కంఠతా ఉండాలి.

ఇక లె గ్విన్ పొరపాటు. దీని దగ్గర ఆగి చదువు. 1969 నవలలో గెథెన్ వాళ్ళందరికీ 'హి' వాడింది. కొత్త సర్వనామం పుట్టించి భాషను చెడగొట్టనని 1976 వ్యాసంలోనూ సమర్థించుకుంది. అప్పటికే, 1975లో, అదే గ్రహం మీది 'వింటర్స్ కింగ్' కథను తిరగరాసి అందరికీ 'షి' పెట్టింది, 'రాజు' మాత్రం రాజుగానే ఉంచింది. చివరికి 1987లో పాత వ్యాసానికి వ్యాఖ్యలు చేర్చి, ఆ పట్టుదల నిలబడలేదని ఒప్పుకుంది. నష్టం సర్వనామంతో ఆగలేదు. నవలలో ముఖ్యమైన గెథెన్ మనిషి ఎస్ట్రావెన్ మనకు ప్రధానిగా, పారిపోయిన మనిషిగా, మంచులో బండి లాగే మనిషిగా కనిపిస్తాడు. బిడ్డల తల్లిగా కనిపించడు. నీ తెలుగులోనూ పాఠకుడు గ్రహం నిండా మగవాళ్ళనే చూస్తాడేమోనని నా భయం.

అలాగని భూమి నుంచి దూతగా వచ్చిన మగవాడు గెన్లీ చెప్పే అధ్యాయాల్లో 'అతను' తీసేయకు తల్లీ. ఎదుటి మనిషిలో ఆడతనాన్ని చూడలేకపోవడమే గెన్లీ కథ. ఐదో అధ్యాయం మొదట్లో ఇంటి యజమానిని 'ల్యాండ్‌లేడీ' అంటూనే మగమనిషి అంటాడు. అక్కడ 'మా ఇంటావిడ అన్నాడు' అనే రాయి. ప్రూఫు చూసేవాళ్ళు తప్పనుకుని దిద్దేస్తారు, అంచున గుర్తు పెట్టు.

ఎస్ట్రావెన్ రాసుకున్న అధ్యాయాలు వేరు. తోటి గెథెన్ మనిషిని ఎస్ట్రావెన్ 'అతను' అనుకోవడానికి కారణమే లేదు. 'తను' చాలనుకుంటావేమో, చాలదు: 'తను వచ్చాడు' అనగానే గుట్టు బయటపడుతుంది. 'వచ్చింది' అంటే ఆడమనిషైనా కావాలి, వస్తువైనా కావాలి. 'వచ్చారు' రాజుకు బాగుంటుంది, పసిపిల్లకు మర్యాద ఎక్కువైపోతుంది. కానీ మన భాషలో లింగం అంటని క్రియలు బోలెడు: వచ్చాను, వచ్చావు, రాలేదు, రావాలి, రావచ్చు, రాకూడదు, వచ్చి, వస్తూ, వచ్చేసరికి. వాక్యాన్ని వీటి మీద నడిపించు. 'మంచివాడు' బదులు 'మంచి మనిషి'. ఇవి వరసగా పడితే వచనం కుంటుతుంది, గట్టిగా చదివి చూసుకో.

'ది కింగ్ వజ్ ప్రెగ్నెంట్' అనే ఆ ప్రసిద్ధ వాక్యంలో రాజును 'గర్భవతి' అన్నావో చేజేతులా ఆడదాన్ని చేసినట్టే. 'రాజు కడుపుతో ఉన్నారు' అను. పొరపాటున కూడా 'రాణి' అనకు.

కళ్ళు చెడేలా రాత్రిళ్ళు కూర్చోకు. మొదటి అధ్యాయంతో కాదు, ఎస్ట్రావెన్ చెప్పే ఆరో అధ్యాయంతో మొదలుపెట్టు. నాలుగు పేజీలు అవగానే పంపు, ఎర్ర సిరా సిద్ధంగా ఉంచుతాను.

నీ పెద్దమ్మ