వయసు నిర్ధారణ చట్టాలు వస్తే మన వివరాలన్నీ వెబ్‌సైట్ల చేతికి వెళ్లిపోతాయా?

పుట్టిన తేదీ అడిగి వదిలేసే పాత పద్ధతి ఎవరినీ ఆపలేదు. పదేళ్ల పిల్లవాడు కూడా 1990 అని ఎంచుకుని లోపలికి వెళ్లిపోతాడు. అందుకే ఇప్పుడు రుజువు అడుగుతున్నారు. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుంచి అశ్లీల సైట్లు వయసును గట్టిగా తనిఖీ చేయాలి. ఆస్ట్రేలియాలో అదే ఏడాది డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. జరిమానా కంపెనీకే, పిల్లలకో తల్లిదండ్రులకో కాదు. ఇది సరైన పద్ధతి.

మీ భయం మాత్రం నిజమైనదే. అంతా తనిఖీ ఎలా చేస్తారన్న దాని మీదే ఉంది. గుర్తింపు కార్డు ఫొటో ఇస్తే పేరు, చిరునామా, ముఖం అన్నీ ఇచ్చినట్టే. అవి ఒకసారి బయటికి పొక్కితే వెనక్కి తీసుకోలేం. ముఖం చూసి వయసు అంచనా వేసే సాఫ్ట్‌వేర్ కార్డు అడగదు గానీ, 17కీ 19కీ తేడా పట్టడంలో తడబడుతుంది. నాకు నచ్చేది మూడో దారి: మీ వయసు ముందే తెలిసిన బ్యాంకు లాంటి సంస్థ ‘ఈ వ్యక్తికి 18 దాటాయి’ అన్న ఒక్క ముక్కే చెబుతుంది. సైటుకు మీ పేరు తెలియదు. వ్యవస్థను సరిగా కడితే, మీరు ఏ సైటుకు వెళ్లారో బ్యాంకుకూ తెలియదు.