కాన్‌స్ట్ అని రాస్తే స్థిరాంకం అయినట్టేనా?

ప్రశ్న: సీ భాషలో డ్రైవర్ రాస్తూ, బఫర్ పరిమాణాన్ని ఫంక్షన్ లోపల కాన్‌స్ట్ ఇంట్‌గా 512 అని ప్రకటించాను. అది 2 యొక్క ఘాతమేనా అని స్టాటిక్ అసర్ట్‌తో (షరతును కంపైల్ దశలోనే పరీక్షించే వాక్యం) పరీక్షించబోతే, అది స్థిరాంకం కాదంటూ జీసీసీ కంపైలర్ తిరస్కరిస్తోంది. సీ ప్లస్ ప్లస్‌లో అదే వాక్యం చెల్లుతోంది. షరతు తప్పితే పరిమాణం మైనస్ 1 అయి కంపైల్ ఆగిపోయేలా అర్రేను ప్రకటించే పాత ఉపాయానికి మాత్రం అభ్యంతరం రాలేదు. దాన్నే ఉంచవచ్చా?

జవాబు: ఉంచవద్దు, అభ్యంతరం రాకపోవడమే ఇక్కడ అనుమానించవలసిన విషయం. సీ భాషలో కాన్‌స్ట్ అంటే ఆ చలరాశిని ఆ పేరుతో మార్చకూడదన్న మాటే గాని, దాని విలువ కంపైల్ దశకే ఖాయమని కాదు. 1999 ప్రమాణం ఫంక్షన్ లోపల అర్రే పరిమాణాన్ని ప్రోగ్రాము నడిచేటప్పుడు నిర్ణయించుకోనిచ్చింది కనుక, మీ షరతులో ఇలాంటి చలరాశి ఉన్నప్పుడు కంపైలర్ ఆ ప్రకటనను చలపరిమాణపు అర్రేగా స్వీకరించి, షరతు తప్పినా మౌనంగా వదిలేయవచ్చు. అంటే మీరు పెట్టిన కాపలా నిద్రపోతుంది, దాని జాడ కూడా తెలియదు. బిట్ ఫీల్డ్ (ఇన్ని బిట్లే అని నిర్దేశించిన స్ట్రక్చర్ సభ్యం) వెడల్పు విషయంలో ఈ వెసులుబాటు లేదు, అది పూర్ణాంక స్థిరాంకమే కావాలి. అందుకే లినక్స్ కెర్నెల్‌లో ఇలాంటి పరీక్షకు వాడే ఒక మాక్రో చాలాకాలం రుణ వెడల్పు గల బిట్ ఫీల్డ్‌నే ఆధారం చేసుకుంది.

మీ 512ను ఈనమ్ సభ్యునిగా గాని, డిఫైన్‌తో గాని రాయండి. అప్పుడు 2011 ప్రమాణంతో వచ్చిన స్టాటిక్ అసర్ట్ దాన్ని అంగీకరిస్తుంది. సీ23 ప్రమాణాన్ని అమలుచేసే కంపైలర్ ఉంటే, విలువ కంపైల్ దశకే ఖాయమని చెప్పే కాన్‌స్ట్‌ఎక్స్‌పీఆర్ అన్నింటికన్నా శుభ్రం. ప్రీప్రాసెసర్ ఇఫ్‌తో సరిపెట్టుకుందామంటే, దానికి రకాలు తెలియవు గనుక, ఒక రకం ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌ను అది లెక్కించలేదు.

మీరు అడగకపోయినా ఒక మాట: 2 యొక్క ఘాతమా అని తేల్చడానికి సంఖ్యను, దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో బిట్‌వారీగా యాండ్ చేసి సున్నా వస్తుందా అని చూసే పరీక్షలో, సున్నా కూడా నెగ్గిపోతుంది. పరిమాణం సున్నాకన్నా ఎక్కువన్న షరతును కూడా అదే అసర్ట్‌లో చేర్చండి.