ఇంగ్లీషు వచ్చిన పిల్లకు స్పానిష్ కూడా నేర్పించాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలోనే చదివింది, ఇప్పుడు బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరంలో ఉంది. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది, అమెరికాలో ఇంగ్లీషు ఒక్కటే సరిపోదని, వెంటనే స్పానిష్‌లో చేర్పించమని పట్టుబడుతున్నాడు. మా ఎదురింటివారు తమ అబ్బాయిని జర్మన్ కోచింగులో చేర్చారు. ఏ భాష నేర్పిస్తే మా పిల్లకు భవిష్యత్తు ఉంటుందో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో బావమరిది గారి అభిప్రాయం ఉంది, ఎదురింటివారి నిర్ణయం ఉంది, మీ ఆదుర్దా ఉంది. అమ్మాయి ఏమనుకుంటున్నదో ఒక్క వాక్యమైనా లేదు. మన గుంటూరు బ్రాడీపేటలోని నా గదికి వచ్చే తల్లిదండ్రుల నోట ఈ ప్రశ్న నేను తరచుగా వింటూనే ఉన్నాను. కొన్నేళ్ల క్రితం ఇదే ప్రశ్నలో భాష ఉన్నచోట ఏదో ఒక కంప్యూటర్ కోర్సు పేరు ఉండేది. దాని వెనక ఉన్న భయం మాత్రం మారలేదు. లక్షలు పోసి చదివించాక కూడా పిల్ల ఒక మెట్టు కిందే ఆగిపోతుందేమో, ఆ మెట్టు సంగతి ఎదురింటివారికి తెలిసి మనకు తెలియకుండా పోయిందేమో అన్నదే ఆ భయం. కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను: స్పానిష్ రానంత మాత్రాన మీ అమ్మాయి ఎవరికీ వెనకబడదు.

మీ బావమరిది గారు చెప్పినది అబద్ధమేమీ కాదు, ఆయన ఉంటున్న ఊళ్లో అది నిజమే. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం 1836 వరకు మెక్సికోలో భాగంగా ఉండేది. ఇవాళ అమెరికా మొత్తం మీద ఇళ్లలో స్పానిష్ మాట్లాడుకునేవారు నాలుగు కోట్లకు పైనే ఉన్నారు, అక్కడి కళాశాలల్లో విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునే విదేశీ భాష కూడా అదే. బ్రిటన్‌లో సైతం 2019లో, బడి చదువు చివర రాసే ఏ-లెవెల్ పరీక్షలకు ఫ్రెంచి కంటే స్పానిష్ తీసుకున్నవారే ఎక్కువయ్యారు. అయితే ‘ఇంగ్లీషు వచ్చినవారు స్పానిష్ నేర్చుకోండి’ అన్న సలహా పుట్టింది పుట్టుకతో ఇంగ్లీషు తప్ప మరో భాష ఎరుగని పిల్లల కోసం. వారికి అది రెండో భాష. ఇంట్లో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు, బడిలోనూ టీవీలోనూ చెవిన పడిన హిందీ కలుపుకుంటే మీ అమ్మాయికి అది నాలుగోది. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కాను మన పిల్లకు తొడిగి, వదులైందని పిల్లను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంకొక సంగతి మీ బావమరిది గారు చెప్పి ఉండరు. డాలస్‌లో ఒక ఆసుపత్రికో, బ్యాంకుకో, న్యాయవాది కార్యాలయానికో రెండు భాషలూ వచ్చిన మనిషి కావలసి వచ్చినప్పుడు, ఇంట్లో స్పానిష్‌తోనూ బడిలో ఇంగ్లీషుతోనూ పెరిగిన యువతీయువకులు అదే ఊళ్లో కావలసినంత మంది దొరుకుతారు. గుంటూరులో సాయంత్రం తరగతులకు వెళ్లి నేర్చుకున్న అమ్మాయి వారితో ఆ భాషలో పోటీ పడి నెగ్గవలసిన అవసరం ఏమిటి? ఆమెకు అక్కడ పని దొరికితే కంప్యూటర్ సైన్సులో ఆమెకున్న పట్టును చూసి దొరుకుతుంది. ఇక్కడ మన దేశంలో హైదరాబాదు, బెంగళూరు కంపెనీలు విదేశీ ఖాతాదారులతో మాట్లాడడానికి స్పానిష్ వచ్చినవారిని తీసుకునే మాట వాస్తవమే, కానీ అటువంటి కొలువులకు బీ2 స్థాయిలో తడుముకోకుండా మాట్లాడగలగాలి. భాష ఎంత వచ్చిందో కొలిచే మెట్లు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు, వాటిలో బీ2 నాలుగోది. ఆ సంగతి సంస్థల కరపత్రాల్లో మీరు చూసే ఉంటారు.

ఆ మెట్లెక్కడానికి ఎంతకాలం పడుతుందన్నది మాత్రం కరపత్రాల్లో సరిగా కనబడదు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ, ఉద్యోగానికి పనికొచ్చే స్థాయి స్పానిష్‌కు 600 నుంచి 750 గంటల తరగతులు పడతాయని లెక్క వేసింది. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక గంట చొప్పున 600 గంటలంటే 120 వారాలు, అంటే రెండేళ్లు దాటుతుంది. ఆ లెక్కయినా జీతం తీసుకుంటూ పొద్దస్తమానం అదే పనిగా చదువుకునేవారిది. ల్యాబు రికార్డులు, మిడ్ పరీక్షల మధ్య చదివే పిల్లది కాదు.

జర్మన్ విషయంలో నా సందేహాలు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడు మన ఊళ్లో ఫ్యాషన్ దానిదే. ‘మూడు నెలల్లో బీ1’ అన్న బోర్డులు చూసినప్పుడల్లా నాకు కిందటేడాది వచ్చిన ఒక అబ్బాయి గుర్తుకొస్తాడు. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి, తన పేరు, ఊరు, చదువు, అభిరుచులు జర్మన్‌లో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. వచ్చిన బస్సు ఆలస్యమైందా అని అదే భాషలో నేను అడిగితే, ఒక్క క్షణం ఆగి, మళ్లీ తన పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. తప్పు అతడిది కాదు. ఎక్కాల పద్ధతిలో నేర్పారు, ఎక్కంలా అప్పజెప్పాడు.

జర్మన్ నిజంగా అక్కరకొచ్చేవారు ఉన్నారు. నర్సింగ్ చదివి జర్మనీకి వెళ్లే అమ్మాయిలకు ఆ భాష బీ2 స్థాయి దాకా వస్తే తప్ప పూర్తి గుర్తింపు రావడం కష్టం, వారికి అది అన్నం పెట్టే భాష. బీటెక్ చేసి మాస్టర్స్‌కు వెళ్లాలనుకునేవారి సంగతి వేరు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు నామమాత్రమే, ఇంగ్లీషులో నడిచే మాస్టర్స్ కోర్సులు చాలానే దొరుకుతాయి, వాటిలో సీటుకు జర్మన్ అడగనివే ఎక్కువ. మరైతే భాష ఎందుకంటారా? సీటు వచ్చాక గది అద్దెకు మాట్లాడుకోవడానికి, పార్ట్‌టైమ్ పనికి, చదువు ముగిశాక చిన్న ఊళ్లలోని కంపెనీలలో ఉద్యోగానికి కావాలి. ఆ దేశం వెళ్లడం ఖాయమనుకున్నవారు ఇక్కడ నేర్చుకోవడం మంచిదే. ఏ దేశమో తేలకుండా జర్మన్ మొదలుపెట్టడం, సంబంధం కుదరకముందే శుభలేఖలు అచ్చువేయించినట్టు ఉంటుంది.

ఫ్రెంచి గురించి రెండు ముక్కలే చెబుతాను. కెనడాలో స్థిరపడాలనుకునేవారికి ఆ దేశపు ఎంపికలో ఫ్రెంచి పాయింట్లు తెస్తుంది. ఆ ఉద్దేశం లేకపోతే దాన్ని పక్కన పెట్టండి.

జపనీస్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలనిపిస్తోంది. ఇందాకటి అమెరికా సంస్థ లెక్కలో జపనీస్‌కు 2,200 గంటలు పడతాయి, అంటే స్పానిష్‌కు సుమారు మూడింతలు. ఆ లెక్క ఇంగ్లీషు ఒక్కటే ఎరిగిన మెదడుకు వేసినది. ‘వతాషి వ హోన్ ఓ యోమిమసు’ అన్న వాక్యం చూడండి: నేను, పుస్తకం, ని, చదువుతాను. కర్త, కర్మ, క్రియ మన వరసలోనే ఉన్నాయి, మన ‘ని’ ఉన్నచోటే వారి ‘ఓ’ ఉంది. లిపి దగ్గర కష్టం తప్పదు గాని, వాక్యం కట్టడంలో తెలుగు పిల్లకు అమెరికా పిల్లకు లేని వెసులుబాటు ఉంది. అలాగే స్పానిష్‌లో ‘పెరో’ అంటే ‘కానీ’, అదే మాటలో రకారాన్ని గట్టిగా దొర్లించి ‘పెర్రో’ అంటే ‘కుక్క’. ఇంగ్లీషువారికి నాలుక తిరగని ఈ తేడా ‘కర’ అన్నా ‘కర్ర’ అన్నా స్పష్టంగా పలికే మనకు పెద్ద కష్టం కాదు. వారి త, ద లు కూడా పళ్లకు తగిలే మన త, ద లే.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు, ఏమీ అనుకోవద్దు. పై తేడాలన్నీ తెలుగు గట్టిగా వచ్చిన పిల్లకే కలిసివస్తాయి. ఇంటర్‌లో మీ అమ్మాయి రెండో భాష ఏమిటి? నూటికి తొంభైతొమ్మిది వస్తాయని సంస్కృతం పెట్టించి ఉంటారు, రెండేళ్లు చదివి ఒక్క శ్లోకానికైనా తనంతట తాను అర్థం చెప్పలేని పిల్లలను నేను ఎందరినో చూశాను. తెలుగు దినపత్రికలో ఒక పేరా ఆమె తడుముకోకుండా చదవగలదేమో ఈ రాత్రి చూడండి. ఇంగ్లీషు మీడియం వేరు, ఇంగ్లీషు రావడం వేరు. తన ప్రాజెక్టు గురించి కొత్త మనిషికి పది నిమిషాలు ఇంగ్లీషులో విడమరచి చెప్పగలదా? పద్నాలుగేళ్లు చదివిన భాషే ఇంకా పూర్తిగా చేతికి రాకపోతే, మరో భాషకు కట్టే ఫీజు మీ ఆదుర్దాకు మందు అవుతుందే గాని పిల్లకు చదువు కాదు.

మీ వ్యాపారం కళ్లతో చూస్తే జవాబు ఇంకో రకంగా ఉంటుంది. మన యార్డు నుంచి తేజ రకం కాయ చైనాకు ఎంత వెళుతోందో మీకు నాకంటే బాగా తెలుసు, అయినా గుంటూరులో చైనా భాష నేర్చుకొమ్మని ఎవరూ ఎవరి పిల్లలనూ తొందరపెట్టడం నేను వినలేదు. ఏ భాష పనికొస్తుందన్నది పక్కవారి గుమ్మం చూసి తేల్చుకునే విషయం కాదు.

అమ్మాయిని అడగండి. స్పానిష్ మీద తనకే ఇష్టం ఉంటే సంతోషంగా నేర్చుకోనివ్వండి. ఇరవై దేశాల భాష అది, సెలవుల్లో ఏ1 వరకు చదివి రుచి చూస్తే నష్టం లేదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమనే చోట చేర్చకండి, ముందు ఒక నెల కట్టి, ఆ నెల తరగతిలో పిల్లల చేత ఎంతసేపు మాట్లాడిస్తున్నారో అమ్మాయినే లెక్కపెట్టమనండి. తీరా ఆమెకు భాషల మీదే మనసు పడి, కంప్యూటర్ సైన్స్ కంటే అదే తన దారి అనిపిస్తే, హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్, జర్మన్, జపనీస్ వంటివి డిగ్రీగా చదివే వీలుంది, అది వేరే మాట, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం. ఏ ఇష్టమూ లేదంటే ఈ రెండేళ్లు తన సబ్జెక్టు, తన ఇంగ్లీషు చూసుకుంటే చాలు. తరువాతి ఉత్తరం మాత్రం మీరు కాదు, ఆమెను రాయమనండి, తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే.