కొటియా పసుపు ప్యాకెట్ మీద ఏ రాష్ట్రం పేరు వేయాలి?

ఆంధ్రా, ఒడిశా రెండూ తమవే అంటున్న సరిహద్దు కొటియా ఊళ్లలో కొన్న పసుపు పొట్టంగిలో పొడి కొట్టించి సాలూరులో అమ్ముతున్నాం, లేబుల్ మీద ఆంధ్రా అని వేయాలా, ఒడిశా అనా అని అడిగారు కదండీ. పంట ఏ రాష్ట్రానిదో వేయమని రూలు లేదు. మూల దేశం కూడా దిగుమతి సరుక్కే. వేయాల్సింది ప్యాక్ చేసిన చోటి పూర్తి చిరునామా: పొట్టంగి, కోరాపుట్ జిల్లా, ఒడిశా, 764తో మొదలయ్యే పిన్.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: లైసెన్సు ఒక రాష్ట్రంలో, చిరునామా ఇంకో రాష్ట్రంలో. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఆ పొట్టంగి చిరునామా మీదే ఉండాలి. సాలూరు అమ్మకం అంతర్రాష్ట్ర సరఫరా కాబట్టి టర్నోవరు తక్కువైనా జీఎస్టీ తప్పదు. జీఎస్టీ నంబరు ఒడిశా కోడ్ 21తో మొదలవ్వాలి, 37 ఆంధ్రాది.

‘కంధమాల్ పసుపు’ అని మాత్రం దయచేసి వేయకండి. 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన పేరది, ఒడిశాలోని కంధమాల్ జిల్లా రైతుల సొత్తు. ‘కొటియా పసుపు’ అంటారా, రుజువుగా ఊరివారీ కొనుగోలు రసీదులు దాచి ఉంచండి.