పైపు కింద నుంచే రావాలి అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. భీమిలిలో కొత్త ఇంటికి స్తంభం నుంచి మీటరు దాకా కరెంటు తెచ్చే సర్వీసు పని ఒప్పుకున్నావని అక్క చెప్పింది. నువ్వు పంపిన ఫోటో చూశాను. మీటరు బాక్సు బయటి గోడకి బిగించావు, బాగుంది. కానీ జీఐ పైపుని, అదే జింక్ పూత వేసిన ఇనుప పైపుని, బాక్సు నెత్తి మీదుగా దించుదామని సుద్దముక్కతో గీసిన గీత కూడా కనిపించింది. ఆ రంధ్రం ఇంకా కొట్టకపోతే ఆగు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

పైనుంచి దించితే పైపు కలిసొస్తుంది, పని తొందరగా తెములుతుంది. నేనూ అలాగే చేశాను. పనిలోకి వచ్చిన మూడో ఏడు, ఒక ఇంట్లో వానల్లో ఇంటావిడ తడిచేత్తో బాక్సు మూత ముట్టుకుంటే జిల్లుమందట. వెళ్లి మూత తీశాను. ఫ్యూజు ఉండే కటౌటు మీద నీటి చారలు, ఇత్తడి స్క్రూలకి పచ్చటి చిలుము, అడుగున తుప్పునీళ్లలో చచ్చిన బల్లి. పైపుని బాక్సుకి బిగించే చెక్ నట్టు చుట్టూ నేను పూసిన సీలింగు ఎండకి బీటలిచ్చింది. ఆ సందులోంచి దిగిన నీళ్లు తిన్నగా కటౌటు మీద పడ్డాయి. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏ సీలింగైనా ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. పగిలినా నీళ్లు లోపలికి రాకుండా ఉండాలంటే పైపు అడుగు నుంచే ఎక్కాలి.

అందుకని పైపుని బాక్సు పక్కనుంచి దించి, బాక్సు అడుగు దాటాక బెండు తిప్పి మళ్లీ పైకి ఎక్కించు. అలా తిప్పినప్పుడు బెండు పొట్టలో నీళ్లు నిలుస్తాయి. వైరు లాగకముందే అక్కడ కింది వైపు చిన్న రంధ్రం వేసి, లోపలి అంచు నున్నగా చెయ్యి. చాలామంది ఇది మర్చిపోతారు. నీళ్లు నిలిచిన పైపు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

గోడ పైన పైపు మూతి గొడుగు కర్ర పిడిలా కిందికి వంగి ఉండాలి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఆ మూతి కంటే కొంచెం కిందికి వేలాడి, అప్పుడు పైకెక్కి లోపలికి పోవాలి. వైరు వెంట జారిన వాన చుక్క ఆ వేలాడే చోటే రాలిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టింది. ఆ తర్వాత నేను మూతలు తీసిన బాక్సుల్లో ఈ రెండు పనులూ సరిగ్గా చేసినవి లోపల పొడిగా ఉన్నాయి.

బాక్సుకి ఒక్క రంధ్రమే, పైపు సైజుకి సరిపోయేంతే వెయ్యి. అంచుని ఆకురాయితో రాసి వేలితో తడిమి చూడు. వేలికి గుచ్చుకుంటే రేపు వైరుకీ గుచ్చుకుంటుంది. చెక్ నట్టు బయట ఒకటి, లోపల ఒకటి, వైరు గీరుకోకుండా పైపు మూతికి బుష్. నట్టు కూర్చునే చోట రంగు గీకితే గానీ పైపుకీ బాక్సుకీ ఎర్తు కలవదు. తర్వాత బయట కనిపించే ఇనుము మీద, పైపుకి కోసిన మరల (థ్రెడ్ల) మీద జింక్ రంగు పుయ్యి. సముద్రపు గాలి కదా, ఒక్క వర్షాకాలం చాలు తినెయ్యడానికి. పైపుకీ బాక్సుకీ ఎర్తు తీగ విడిగా వెయ్యాల్సిందే, నట్టుని నమ్ముకోవద్దు.

ఫేజులన్నీ, న్యూట్రల్ ఒకే జీఐ పైపులో వెళ్లాలి. ఒక్క ఫేజు వైరుని ఇనుప పైపులో విడిగా తీసుకెళితే పైపే వేడెక్కుతుంది. పైపు లోపలి జాగాలో 40 శాతానికి మించి వైర్లు కుక్కకు. మీటరుకి ముందు ఎక్కడా జాయింటు వద్దు.

ఇంటాయన భూమిలోంచి కేబుల్ వెయ్యమంటే, పావురాళ్లకొండ వైపు ఏటవాలు సంగతి గుర్తుపెట్టుకో. స్తంభం ఎగువన, ఇల్లు దిగువన ఉంటే పైపే కాలవైపోయి నీళ్లు బాక్సులోకి వస్తాయి. వాన లేకపోయినా పైపులోంచి పైకొచ్చే చెమ్మగాలి చలికాలం మూత లోపల చుక్కలు కడుతుంది. పైపు రెండు మూతులూ మైనం ముద్దలా ఉండే సీలింగ్ పుట్టీతో మూసెయ్యి. సిమెంటు మాత్రం వద్దు, రేపు కేబుల్ మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

స్తంభం మీది పని నీది కాదు, లైన్‌మన్‌ది. మీటరుకి ముందున్న వైరుకి నీ చేతిలో స్విచ్ ఉండదు. ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నామని ఎవరో చెబితే సరిపోదు. టెస్ట్ ల్యాంప్‌తో నువ్వే చూసుకో. ఆ ల్యాంప్ పనిచేస్తుందో లేదో ముందు వేరే చోట వెలిగించి చూడు. పక్కింటి జనరేటరు నుంచి కరెంటు వెనక్కి రావడం నేను కళ్లారా చూశాను.

వైరు లాగి ఉంచు, మీటరు పెట్టనివ్వకు. ఆదివారం పొద్దున్నే వైరు ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గరు పట్టుకుని వస్తాను. 1 మెగ్ఓమ్ కంటే తక్కువ చూపిస్తే వైరు బయటికి లాగి చూద్దాం. నా కోసం ఆ ఆకురాయి అక్కడే ఉంచు, అంచులు నేనొకసారి తడిమి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య