సింధు ప్రజలు మాట్లాడినది తెలుగేనా?

సందేహం: సింధు నాగరికత నాటి ప్రజల భాష తెలుగేనని ఈ మధ్య తరచుగా వింటున్నాను. కళాశాల వ్యాసరచన పోటీకి 'సింధు ప్రజల భాష ప్రాచీన తెలుగు' అని రాయవచ్చునా?
– ఒక విద్యార్థిని, నారాయణగూడ, హైదరాబాదు

సమాధానం: రాయకూడదమ్మా. ఆ నాగరికత ఉచ్చదశ క్రీ.పూ. 2600–1900 నడుమ సాగింది. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా మనం చెప్పుకొనే కలమళ్ల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును గోండి, కుయి, కువి, కొండ భాషలున్న ద్రావిడ కుటుంబపు శాఖలో చేర్చి చూపారు. కనుక సింధు ప్రజలది ద్రావిడ భాషేనని రేపు తేలినా, అది ఈ భాషలన్నిటితో పాటు తమిళానికీ, బలూచిస్థాన్‌లోని బ్రాహుయికీ కూడా పూర్వరూపమో, ఆ పూర్వరూపానికి దాయాదియో అవుతుంది తప్ప తెలుగు ఒక్కదాని సొత్తు కాదు.

అసలు అది ద్రావిడమేనా అన్నదే ఇంకా తేలలేదు. 1822లో షాంపోలియన్ ఈజిప్టు లిపిని ఛేదించడానికి, ఒకే విషయాన్ని ఈజిప్టు లిపిలోనూ గ్రీకులోనూ చెక్కిన రొసెట్టా శిల మీది గ్రీకు పాఠం ఆధారమైంది. సింధు లిపికి అటువంటి ద్విభాషా లేఖనం దొరకలేదు. సింధు లిపి పరిశోధకులు ఐరావతం మహదేవన్ 1977లో ప్రకటించిన పట్టికలో గుర్తులు 417 ఉన్నాయి గాని, ఒక్కొక్క లేఖనంలో సగటున అయిదారు గుర్తులకు మించవు. పైగా లిపిని చదవగలిగినంత మాత్రాన భాష తెలిసిపోదు: క్రీట్ ద్వీపపు ప్రాచీన లిపి అయిన లీనియర్ ఎ గుర్తుల ఉచ్చారణ చాలావరకు ఊహించగలుగుతున్నా, అది ఏ భాషో ఈనాటికీ తెలియదు.

ద్రావిడ వాదానికి బలం లేకపోలేదు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కుండ గుర్తు తరచుగా లేఖనం చివరనే వస్తుంది గనుక, అది ద్రావిడ భాషల్లోలాగా పదాంతంలో చేరే ప్రత్యయం కావచ్చునని కొందరు పండితులు భావించారు. అయితే ప్రత్యయాలు చివర చేరడం సంస్కృతంలోనూ ఉన్నదే. తమిళంలో 'మీన్' అంటే చేప, నక్షత్రం రెండూ గనుక, ఆరు గీతల పక్కన చేప బొమ్మ ఉంటే 'అఱుమీన్', అంటే కృత్తికలు, అని ఫిన్లాండ్ పండితులు అస్కో పర్పోలా చదివారు. ఎంతో అందమైన ఊహే, నన్నూ ఆకట్టుకున్నదే. కాని అదే ఉచ్చారణను తక్కిన లేఖనాలలో పెట్టి చూసినప్పుడు అన్నిచోట్లా పొందికైన అర్థం రావాలి, ఆ పరీక్షలో పండితులందరూ ఒప్పుకొనే ఫలితం ఇంకా రాలేదు. అసలది భాషను రాసే లిపే కాదని 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అనే ముగ్గురు పండితులు వాదించారు.

నాకు ఆశ కలిగించేది మెసొపొటేమియాకు (నేటి ఇరాక్ ప్రాంతానికి) చెందిన, అక్కాడియన్ సామ్రాజ్య కాలపు ముద్ర ఒకటి. దానిమీద షు-ఇలిషు అనే వ్యక్తి 'మెలుహ్హా భాష దుబాసీ' అని ఉంది. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దుబాసీలు ఉన్నచోట రెండు భాషల లేఖనం ఒకటైనా పుట్టి ఉండవచ్చు, అది ఇంకా మట్టి కిందనే ఉండవచ్చు. అది దొరికేదాకా మీ వ్యాసంలో 'సింధు ప్రజల భాష ద్రావిడ కుటుంబానికి చెందినదై ఉండవచ్చునని కొందరు పండితుల అభిప్రాయం' అని రాయండి.