సిలికాన్ వచ్చాక గ్యాస్ డిటెక్టర్ల మీద పీహెచ్‌డీ దండగేనా?

దండగ కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ఈ రంగంలోకి రావాలా వద్దా అని అడిగారు కాబట్టి, జెమ్ (గ్యాస్ ఎలక్ట్రాన్ మల్టిప్లయర్: సన్నని రంధ్రాల్లో ఎలక్ట్రాన్లను పెంచే ఫాయిల్) ఛాంబర్ల తయారీలో పనిచేసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

యాక్సిలరేటర్‌లో కణాలు ఢీకొన్న చోటికి దగ్గరగా సిలికాన్ డిటెక్టర్లదే రాజ్యం. కానీ కణం దారిని మీటర్ల పొడవునా, అదీ మధ్యలో పదార్థం అడ్డుపడి దారి చెదరకుండా పట్టాలంటే గ్యాస్‌కు సాటి లేదు. జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో, భారీ అయాన్లను ఢీకొట్టి చూసే ఆలిస్ ప్రయోగం వాళ్ల టైమ్ ప్రొజెక్షన్ ఛాంబర్‌నే (కణం దారిని పట్టే పెద్ద గ్యాస్ పీపా) తీసుకోండి. దాదాపు 5 మీటర్ల వ్యాసం, 5 మీటర్ల పొడవు, లోపల ఎక్కువ భాగం నియాన్. కణం వెళ్లిన దారిలో గ్యాస్ అణువుల నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు, వాటిని పెంచి కొలిచే చివరి పలకల దాకా రావడానికి 100 మైక్రోసెకన్ల వరకు పడుతుంది. సీసం అయాన్లు సెకనుకు 50,000 సార్లు ఢీకొంటుంటే, ఆ లోపే ఇంకో నాలుగైదు ఘటనలు వచ్చి పడతాయి.

ఆ చివర్లో ఎలక్ట్రాన్లను పెంచేటప్పుడు పాజిటివ్ అయాన్లు కూడా పుడతాయి; పాత తీగల ఛాంబర్లలో అవి వెనక్కి పోకుండా గేటింగ్ గ్రిడ్‌ను (వోల్టేజీతో తెరిచి మూసే తీగల తెర) ప్రతిసారీ మూసేవారు. ఇంత రద్దీలో మూసే వ్యవధే లేదు. తెరిచి ఉంచేస్తే అయాన్లు లోపల పేరుకుని విద్యుత్ క్షేత్రాన్నే వంచేస్తాయి. అందుకే 2018 డిసెంబరులో మొదలైన యాక్సిలరేటర్ షట్‌డౌన్‌లో తీగలు తీసేసి, ఒకదాని మీద ఒకటిగా నాలుగు జెమ్ ఫాయిళ్లు పెట్టారు. వెనక్కి పోయే అయాన్లు 1 శాతం లోపుకు తగ్గాయి. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన పరిష్కారం నేను చూడలేదు.

ఇక రోజువారీ పని. జెమ్ ఫాయిల్ అంటే 50 మైక్రాన్ల కాప్టన్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పొర), రెండువైపులా పల్చటి రాగి, 140 మైక్రాన్లకొకటి చొప్పున 70 మైక్రాన్ల రంధ్రాలు. జెమ్‌ను 1997లో లోకానికి చూపించింది సెర్న్ శాస్త్రవేత్త ఫాబియో సౌలీ. క్లీన్‌రూమ్‌లో ఫాయిల్‌ను పొడి నైట్రోజన్‌లో పెట్టి వోల్టేజీ మెల్లగా పెంచుతాం, లీకేజ్ కరెంట్‌ను నానోయాంపియర్లలో చూస్తూ కూర్చుంటాం. 500 వోల్టులు దాటాక అసలు టెన్షన్ మొదలవుతుంది. రంధ్రంలో ఒక్క దుమ్ము కణం ఇరుక్కుంటే చాలు, స్పార్క్ వచ్చి కరెంట్ ఎగిరిపడుతుంది. ఆ తర్వాత గ్యాస్ లీక్ పరీక్ష, ఐరన్-55 అనే రేడియోధార్మిక ఎక్స్-రే సోర్స్‌తో గెయిన్ (ఒక్కో ఎలక్ట్రాన్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) కొలవడం. వాతావరణ పీడనం మారితే గెయిన్ కూడా మారుతుంది కాబట్టి, బారోమీటర్ రీడింగ్ రాయని లాగ్‌బుక్‌ను నేను నమ్మను.

సిమ్యులేషన్ తప్పక నేర్చుకోండి, కానీ దానితోనే ఆగిపోకండి. మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. సెర్న్‌లోని మరో పెద్ద ప్రయోగం సీఎంఎస్‌కు కొన్ని జెమ్ ఛాంబర్లు ఇక్కడే బిగించారు. సీటు ఒప్పుకునే ముందు ల్యాబ్‌కు వెళ్లి, సొంత క్లీన్‌రూమ్, గ్యాస్ లైన్ ఉన్నాయేమో చూడండి. విద్యార్థులను వాటి మీద చేయి వేయనిస్తారో లేదో అక్కడి సీనియర్లనే అడగండి.